పొలం పనులకు ఏటీవీ కొనేముందు: సీసీలు కాదు, కిలోలు చూడండి

ఏటీవీ, అంటే రోడ్డు లేని చోట్ల కూడా నడిచే నాలుగు చక్రాల బండి, కొనాలనుకునేవాళ్లు షోరూమ్‌లో అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది ఎన్ని సీసీ? 450 సరిపోతుందా, 570 తీసుకోవాలా, ఇంకాస్త డబ్బు పెట్టి 700కి వెళ్తే మంచిదా? బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంకే కాబట్టి చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సరదాగా కొండదారుల్లో తిరగడానికి కొనేవాళ్లకు అది పనికొచ్చే ప్రశ్నే. మేత మోయడానికి, కంచె సామాను తీసుకెళ్లడానికి, మందు కొట్టడానికి, కట్టెలు ఇంటికి చేర్చడానికి కొనేవాళ్లు మాత్రం దాన్ని ఆఖర్న అడగాలి.

400 సీసీ దాటిన యుటిలిటీ ఏటీవీని, అంటే పనుల కోసం చేసిన బండిని, లో గేర్‌లో వేస్తే, అది క్షేమంగా ఆపగలిగిన బరువు కంటే ఎక్కువే లాగుతుంది. ఇంజిన్ చాలక పని ఆగిపోవడం అరుదు. తిప్పలన్నీ వేరే చోట మొదలవుతాయి: వెనక ట్రైలర్ తోస్తుంటే వాలు దిగేటప్పుడు, నిండు ట్యాంకు పెట్టుకుని వాలుకు అడ్డంగా వెళ్లేటప్పుడు, తడి గడ్డి మీద మలుపు తిప్పేటప్పుడు. అందుకని ముందు తేల్చుకోవాల్సింది మోయాల్సిన బరువు ఎంత, అది బండి మీద ఎక్కడ కూర్చుంటుంది, దాన్ని ఎలాంటి నేల మీద నడపాలి అన్నది. ఇవి తేలితే ఏ రకం బండి, ఏ గేర్‌బాక్స్, ఏ టైర్లు అన్న ప్రశ్నలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

స్టిక్కర్ మీది అంకెలు

ప్రతి బండి మీదా, దాని మాన్యువల్‌లోనూ కంపెనీ రాసిన బరువు పరిమితులు ఉంటాయి. 500–600 సీసీ యుటిలిటీ ఏటీవీని తీసుకుంటే ముందు ర్యాక్ మీద 40 కిలోలు, వెనక ర్యాక్ మీద 80 కిలోలు, ట్రైలర్ కట్టి లాగడానికి 550–600 కిలోలు అన్నవి తరచుగా కనిపించే అంకెలు. వీటి పక్కనే ఇంకో అంకె ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు. అది మొత్తం మోత పరిమితి. ఈ తరగతి బండ్లలో అది 220 కిలోల దగ్గర ఉంటుంది. నడిపే మనిషి బరువు, రెండు ర్యాకుల మీద సామాను, విన్చ్ (ఇరుక్కున్నప్పుడు తాడు చుట్టి లాగే యంత్రం) లాంటి అదనపు బిగింపులు, ట్రైలర్ కట్టినప్పుడు హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే భారం అన్నీ ఆ 220లోనే సర్దుకోవాలి.

ఒక స్ప్రేయర్‌తో లెక్క వేసి చూద్దాం. ఏటీవీ ర్యాక్ మీద బిగించుకునే ట్యాంకుల్లో 95 లీటర్లది బాగా అమ్ముడుపోయే సైజు. నీళ్లు లీటరుకు కిలో. ట్యాంకు, మోటారు, గొట్టం, బిగింపులు కలిపి ఇంకో 15 కిలోలు అనుకోండి. మొత్తం 110. వెనక ర్యాక్ పరిమితి 80. అంటే ట్యాంకు నింపిన నిమిషంలోనే 30 కిలోలు ఎక్కువైపోయింది. 90 కిలోల మనిషి ఎక్కి కూర్చుంటే మొత్తం 200, విన్చ్ బరువు కూడా కలిపితే 220 ముంగిట్లో ఉన్నాం. ముందు ర్యాక్ మీద పనిముట్ల పెట్టె పెట్టడానికి చోటుంటుంది కానీ పరిమితి మిగలదు. పైగా ఈ బరువంతా సీటుకన్నా ఎత్తులో ఉంది, అదీ ద్రవం. నిండు ట్యాంకులో నీళ్లు అంతగా కదలవు. సగానికి దిగాక మలుపులో ఒక్కసారిగా పక్కకు దొర్లి బండిని అదే వైపు నెడతాయి. లోపల అడ్డుగోడలున్న ట్యాంకు తీసుకుంటే ఈ ఊపు తగ్గుతుంది.

మరి 95 లీటర్ల మందు కొట్టాలంటే? 50–60 లీటర్ల ట్యాంకు పెట్టుకుని రెండుసార్లు నింపుకోవడం ఒక దారి. ట్యాంకుని చిన్న ట్రైలర్ మీదకు దింపేయడం ఇంకా మేలైన దారి. బరువు నేలకు దగ్గరవుతుంది, ర్యాక్ ఖాళీ అవుతుంది. స్ప్రే పనే ముఖ్యమైనది అయితే, ఎకరాలకు ఎకరాలు కొట్టాల్సి ఉంటే, ర్యాక్ మీది ఏటీవీ ట్యాంకు ఆలోచనే వదిలేయమంటాను.

లాగడం వేరు, ఆపడం వేరు

ఇక 550 కిలోల లాగుడు సామర్థ్యం. ఏటీవీ సొంత బరువు 300–350 కిలోలు. దానికి కట్టే చిన్న ట్రైలర్లకు సాధారణంగా బ్రేకులుండవు. అంటే బండికన్నా బరువైన ట్రైలర్ వేగాన్ని కూడా బండి బ్రేకులే ఆపాలి. చదును నేల మీద నెమ్మదిగా పోతుంటే గడుస్తుంది. వాలు దిగేటప్పుడు ట్రైలర్ వెనకనుంచి తోస్తుంది. ఆ తోపుకి వెనక టైర్ల పట్టు సడలితే బండి పక్కకు తిరిగి ట్రైలర్‌తో కలిసి మడతపడుతుంది. తడి గడ్డి, వదులు కంకర ఉన్నచోట దీనికి పెద్ద వాలు కూడా అక్కర్లేదు. మీ దారిలో దిగుడు ఉంటే పరిమితిలో సగం దగ్గరే ఆగడం, బరువు ఎక్కువైతే బ్రేకులున్న ట్రైలర్ చూసుకోవడం మంచిది.

ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెడతామన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో పదో వంతు, కాస్త అటూ ఇటూగా, హిచ్ మీద ఆనాలి. అంతా వెనక్కి పేరిస్తే ట్రైలర్ ముక్కు పైకి లేచి, బండి వెనక చక్రాలను కూడా పైకి లాగుతుంది. పట్టు పోయేది అప్పుడే. ఆనే ఆ పదో వంతునీ మొత్తం మోతలో కలుపుకోవాలి: 400 కిలోల ట్రైలర్ కడితే 40 కిలోలు బండి మీదున్నట్టే.

దీనితో ముడిపడిన విషయం ఇంజిన్ బ్రేకింగ్. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజినే చక్రాలను పట్టి ఉంచడం పనిబండికి ఎంతో అవసరం. బెల్ట్ మీద నడిచే ఆటోమేటిక్ బండ్లలో కొన్నిటికి వేగం బాగా తగ్గాక బెల్ట్ వదులై, బండి వాలులో తనంతట తాను కిందికి జారిపోతుంది. ఇంజిన్ బ్రేకింగ్ ఏర్పాటున్న మోడల్స్ వేరుగా ఉంటాయి. కొనేముందు లో గేర్‌లో వాలు దిగి, బ్రేక్ ముట్టకుండా యాక్సిలరేటర్ వదిలి చూడండి. బండి పట్టుకుందా, జారుకుందా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

సీటు మీద కూర్చోవడమా, స్టీరింగ్ ముందు కూర్చోవడమా

పనిబండ్లు ప్రధానంగా రెండు రకాలు. బైక్ మీద కూర్చున్నట్టు కాళ్లు చెరోవైపు వేసి హ్యాండిల్‌తో నడిపేది ఏటీవీ. దీన్నే క్వాడ్ బైక్ అనీ అంటారు. పక్కపక్కన సీట్లు, స్టీరింగ్, బెల్టులు, తల చుట్టూ ఇనప చట్రం, వెనక ట్రక్కులా బెడ్ ఉండేది యూటీవీ, లేదా సైడ్ బై సైడ్. స్పోర్ట్ క్వాడ్‌లను ఈ లెక్కలోంచి తీసేయండి. వాటికి ర్యాకులుండవు, లో గేర్ ఉండదు, పనికి తగినవి కావు.

ఈ బండ్లు ఇలా మారుతూ వచ్చిన తీరంతా బరువు, నిలకడల కథే. 1970లో హోండా అమెరికాలో మూడు చక్రాల బండిని తెచ్చింది. బుడగలాంటి పెద్ద టైర్లతో అది బురదలోనూ మంచులోనూ నడిచేది, మలుపుల్లో మాత్రం తిరగబడేది. 1982లో సుజుకీ నాలుగు చక్రాల క్వాడ్‌రన్నర్ 125ని తెచ్చింది. 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం పెద్ద కంపెనీలు అక్కడ కొత్త మూడు చక్రాల బండ్లు అమ్మడం ఆపేశాయి. అదే ఏడాది కవాసాకీ మ్యూల్ అనే యూటీవీ వచ్చింది. 1992లో జాన్ డీర్ కంపెనీ యూటీవీ గేటర్ వచ్చింది. మనిషి ఒంటితో బ్యాలెన్స్ చేయాల్సిన బండి నుంచి, మనిషి కూర్చుని నడిపే చిన్న ట్రక్కు దాకా రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

యూటీవీ బెడ్ 200 నుంచి 450 కిలోల దాకా మోస్తుంది. పెద్ద మోడల్స్ వెయ్యి కిలోలకు పైనే లాగుతాయి. ఇద్దరు, ముగ్గురు కూర్చోవచ్చు. బెడ్ ఎత్తి కంకర గుమ్మరించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, బరువు రెండు ఇరుసుల మధ్య, కాస్త కిందుగా కూర్చుంటుంది. రోజూ సామాను మోయడమే పని అయితే నా ఓటు నిస్సందేహంగా దీనికే. ఏటీవీ కొని ఏడాది తిరక్కుండా యూటీవీకి మారినవాళ్లను ఎందుకు మారారని అడిగితే, చాలామంది మోత కోసమనే చెప్తారు.

అలాగని ఏటీవీని తీసిపారేయలేం. దాని వెడల్పు 120 సెంటీమీటర్లు. యూటీవీలు 127 నుంచి 160 దాకా ఉంటాయి. చెట్ల వరసల మధ్య, ఇరుకు గేట్లలో, వాగు దాటే సన్నటి దారిలో ఆ తేడా చాలా పెద్దది. దిగి గేటు తీసి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి మూసే పని రోజంతా ఉంటే ఏటీవీయే చురుకు. పశువులను మళ్లించడానికి, కంచె చుట్టూ తిరిగి చూసుకోవడానికి, ఒక్కరే వెళ్లి వచ్చే పనులకు దాన్ని మించింది లేదు. మీ స్థలంలో అన్నిటికన్నా ఇరుకైన సందు దగ్గరకు టేపు తీసుకెళ్లి కొలిచి రండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. సీటు పొడుగ్గా ఉంది కదా అని ఏటీవీ మీద వెనక ఇంకొకరిని ఎక్కించుకోకూడదు. ఆ పొడుగు నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. ఇద్దరి కోసం తయారైన మోడల్స్ వేరే ఉన్నాయి, వాటి ఇరుసుల మధ్య దూరం ఎక్కువ. పదహారేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్ల సైజు బండి ఇవ్వకూడదు. వాళ్ల ఒంటి బరువు ఈ బండిని అదుపు చేయడానికి చాలదు.

బెల్టా, గేర్లా, గట్టి ఇరుసా, విడి సస్పెన్షనా

ఇప్పటి ఆటోమేటిక్ బండ్లలో ఎక్కువశాతం సీవీటీ బెల్ట్ మీద నడుస్తాయి, అంటే విడివిడి గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య తిరిగే బెల్టే వేగాన్ని మారుస్తుంది. నడపడం తేలిక. గేర్ గురించి ఆలోచించే పనే లేదు. దాని బలహీనత వేడి. బరువైన ట్రైలర్‌ను హై గేర్‌లో మెల్లగా లాగితే బెల్ట్ పుల్లీ మీద జారి కాలుతుంది. కాలిన రబ్బరు వాసన వచ్చిందంటే అప్పటికే కొంత బెల్ట్ పోయినట్టు. మందు ఒకటే, బరువున్నప్పుడు, నెమ్మదిగా పోయేటప్పుడు లో గేర్. వాగు దాటేటప్పుడు బెల్ట్ పెట్టెలోకి నీళ్లు పోతే అది జారి బండి కదలదు, ఆరబెట్టుకోవాలి.

హోండా చాలా మోడల్స్‌లో బెల్ట్ లేకుండా గేర్‌లనే వాడుతుంది, బటన్‌తో మార్చేవీ ఉన్నాయి, తనంతట తాను మార్చుకునే డ్యూయల్ క్లచ్‌వీ ఉన్నాయి. ఇంజిన్ బ్రేకింగ్ బాగుంటుంది, బెల్ట్ మార్చే ఖర్చుండదు. బరువు పెట్టి అంగుళం అంగుళం కదపాల్సినప్పుడు మాత్రం బెల్టంత మెత్తగా ఉండదు. కుబోటా ఆర్‌టీవీ లాంటి కొన్ని యూటీవీల్లో హైడ్రోస్టాటిక్, అంటే నూనె ఒత్తిడితో నడిచే గేర్‌బాక్స్ ఉంటుంది. వేగం తక్కువ, పని ఓర్పు ఎక్కువ.

వెనక ఇరుసు సంగతి. ఒకే గట్టి ఇరుసున్న ఏటీవీ బరువు పెట్టినా పెద్దగా కుంగదు, ట్రైలర్ కట్టినప్పుడు స్థిరంగా ఉంటుంది, పాడయ్యే భాగాలు తక్కువ. ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది, మధ్యలో ఇరుసు కిందికి ఉండటంతో మొద్దులకు తగులుతుంది. రెండు చక్రాలకూ విడి సస్పెన్షన్ ఉంటే ప్రయాణం హాయిగా ఉంటుంది, గ్రౌండ్ క్లియరెన్స్ 28–30 సెంటీమీటర్ల దాకా వస్తుంది, కానీ బరువుకి వెనక భాగం కూలబడుతుంది, మలుపులో ఒకవైపు ఒరుగుతుంది. రోజంతా బండి మీదుండేవాళ్లకు విడి సస్పెన్షన్ మేలు. వారంలో రెండుసార్లు ట్రైలర్ లాగడానికైతే గట్టి ఇరుసే నయం.

ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా అంటే, వాలో బురదో ఉంటే కావాలి. దాన్ని అవసరమైనప్పుడే వేసి, గట్టి నేల మీద తీసేసే అలవాటు చేసుకోండి. డిఫరెన్షియల్ లాక్ (ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కట్టేసేది) వేసి గట్టి నేల మీద తిప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, భాగాల మీద ఒత్తిడి పడుతుంది. పచ్చిక బాగా చూసుకునేవాళ్లు వెనక చక్రాలు విడివిడి వేగంతో తిరిగేలా డిఫరెన్షియల్‌ని అన్‌లాక్ చేసే వీలున్న మోడల్ అడగాలి. లేకపోతే ప్రతి మలుపులో టైరు గడ్డిని పెళ్లగిస్తుంది.

టైర్ల గాలి చాలామంది పట్టించుకోని విషయం. ఏటీవీ టైర్లలో సాధారణంగా 5 నుంచి 7 పీఎస్‌ఐ మాత్రమే ఉంటుంది. కారు గేజు ఇంత తక్కువ ఒత్తిడిని నమ్మకంగా చూపదు, దీనికి వేరే గేజు కొనాలి. 5 పీఎస్‌ఐ దగ్గర ఒకవైపు 2 తగ్గిందంటే 40 శాతం తగ్గినట్టే. బండి ఒకవైపు లాగుతుంది, వాలులో ఆ వైపుకే ఒరుగుతుంది. ఈ మెత్తటి టైర్లు తారు రోడ్డుకి పనికిరావు. పట్టు అనుకున్నట్టు ఉండదు, మలుపులో ఉన్నట్టుండి గట్టిగా పట్టుకుని బండిని ఎగరేస్తుంది. రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉందా లేదా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరు, ముందే తెలుసుకోండి.

విన్చ్ కొంటే బండి, మనిషి, సామాను అన్నీ కలిపిన బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది చూడండి. దాని మీద రాసిన అంకె డ్రమ్ముకి ఆనుకున్న మొదటి చుట్టుకి మాత్రమే వర్తిస్తుంది. తాడు చుట్లు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. భారం పడితే బ్యాటరీని చురుగ్గా తాగేస్తుంది, అందుకే ఇంజిన్ నడుస్తుండగానే వాడాలి.

తిరగబడటం

ఈ బండ్లతో మనుషులు చనిపోయే ప్రధాన కారణాల్లో ఒకటి బండి దొర్లి మీద పడటం. 300 కిలోల బరువు ఛాతీ మీద నిలిచిపోతే గాయం లేకపోయినా ఊపిరాడదు. ఒంటరిగా, ఇంటికి దూరంగా పని చేస్తున్నవాళ్లకు ఇది జరిగితే సాయానికి ఎవరూ ఉండరు. అందుకే ఆస్ట్రేలియా 2019లో క్వాడ్ బైక్‌లకు భద్రతా ప్రమాణం తెచ్చింది. 2021 అక్టోబరు నుంచి అక్కడ అమ్మే కొత్త పనిబండ్లకు వెనక రక్షణ చట్రం తప్పనిసరి, 28.81 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో పక్కకు ఒరిగి రెండు చక్రాల మీదికి రాకూడదు. దీని మీద కొన్ని పెద్ద కంపెనీలు ఆ మార్కెట్ నుంచే తప్పుకున్నాయి. నా ఉద్దేశంలో ఆ దేశం చేసింది సరైన పని. మీ దగ్గర చట్టం అడగకపోయినా ఆ చట్రం పెట్టించుకోండి.

ఆ 28.81 డిగ్రీలు నిలబెట్టిన బండికి కొలిచే కోణం. ఆ వాలులో నడపవచ్చని దాని అర్థం కాదు. కదులుతూ, రాయి ఎక్కుతూ, ర్యాక్ మీద ట్యాంకుతో వెళ్తే అంతకు చాలా ముందే ఒరుగుతుంది. యూటీవీ చట్రం కాపాడేది బెల్టు పెట్టుకున్నవాళ్లనే. బెల్టు లేకుండా దొర్లితే బయటికి పడి ఆ చట్రం కిందే నలుగుతారు. దొర్లుతోందని చెయ్యి బయట పెట్టి ఆపబోవడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. రెండిటిలోనూ హెల్మెట్ ఉండాలి.

ఏటీవీ అసలు వద్దా?

ఒక్కోసారి వద్దనే చెప్పాలి. ఏటీవీలకు సాధారణంగా పీటీఓ, అంటే ట్రాక్టర్‌లో లాగా ఇంజిన్ శక్తిని పనిముట్లకు అందించే షాఫ్ట్, ఉండదు. దున్నడం, గుంటలు తవ్వడం, ఎత్తుగా పెరిగిన గడ్డి కోయడం దాని పని కాదు. లాగే గడ్డి కోత యంత్రాలకు సొంత ఇంజిన్ ఉంటుంది కాబట్టి వాటితో సరిపెట్టుకోవచ్చు. భూమి పని ఎక్కువుంటే ఆ డబ్బుకి చిన్న ట్రాక్టర్ కొనడం తెలివైన పని. చదును దారుల మీద దూరాలు తిరగాల్సి వస్తే చిన్న పికప్ ట్రక్ ఎక్కువ మోస్తుంది, ఎండా వానా తగలకుండా కాపాడుతుంది. విద్యుత్ యూటీవీలు చప్పుడు లేకుండా పశువుల మధ్య తిరగడానికి హాయిగా ఉంటాయి, ఆగిన చోటునుంచే బలంగా లాగుతాయి. బరువు, చలి పెరిగితే దూరం తగ్గుతుంది. సాయంత్రానికి తిరిగొచ్చి ఛార్జింగ్ పెట్టుకునే పనికి సరిపోతాయి, రోజంతా ఇంటికి రాని పనికి కావు.

పాతది కొనేవాళ్లకు మీటర్ల లెక్క ఒకటి చెప్తాను. కిలోమీటర్ల అంకెని గంటల అంకెతో భాగించండి. 8 కన్నా తక్కువ వస్తే బండి కదలకుండానే ఇంజిన్ ఎక్కువ సమయం నడిచి ఉండవచ్చు, లేదా మెల్లగా బరువు లాగి ఉండవచ్చు. అది చెడ్డ బండని కాదు, ఇంజిన్ వయసుని కిలోమీటర్లతో కాక గంటలతోనే చూడాలని. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి, బండి ఎప్పుడో మునిగి ఉండవచ్చు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి చూడండి, లోపల బురద కనిపిస్తే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. ముందు చక్రాలని పైకి లేపి ఊపండి, లూజుంటే బాల్ జాయింట్లో బేరింగులో పోయి ఉండవచ్చు. ఇరుసు చివర రబ్బరు బూట్లు చిరిగుంటే జాయింట్లలోకి మట్టి చేరింది. హిచ్ దగ్గర, ర్యాక్ కాళ్ల దగ్గర వెల్డింగ్ అతుకులుంటే, ఆ బండిని ఎవరో మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోయించారు. టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో కాకుండా, వీలైతే మీ ట్రైలర్ కట్టి, రోజూ మోసే బరువేసి, మీ వాలు మీదనే చేయండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం ర్యాక్ మీద నీళ్ల డబ్బాలు పెట్టి పరిమితి మేరకు బరువు చేసి చూడండి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు దాని తీరు గమనించండి.